ఉద్యోగం మధ్యలో డాక్టరు చదువు: అమెరికా ప్రీమెడ్ పోస్ట్‌బాక్ లెక్కలు

మన దగ్గర ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే డాక్టరు చదువు ఆశ దాదాపు వదులుకున్నట్టే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ మెడికల్ కాలేజీ అంటే డిగ్రీ తర్వాత చేరే నాలుగేళ్ల చదువు. ఆ డిగ్రీ ఎకనామిక్స్‌ది కావచ్చు, కంప్యూటర్ సైన్స్‌ది కావచ్చు, సంగీతానిది కూడా కావచ్చు. కాలేజీలు అడిగే సైన్సు కోర్సులు మాత్రం పూర్తయి ఉండాలి. వయసు పరిమితి లేదు. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పదేళ్లుగా కోడ్ రాస్తున్నవారికి కూడా ఈ దారి కనీసం కాగితం మీదైనా తెరిచే ఉంది. ఆ దారిలో మొదటి మజిలీ పోస్ట్‌బాక్, అంటే డిగ్రీ తర్వాత ఆ సైన్సు కోర్సుల్ని పూర్తి చేసే చదువు.

ఇప్పుడు దీని గురించి ఇంత చర్చ జరగడానికి ఒక కారణం అప్పుల నిబంధనలు. 2025 జులైలో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణం దొరకదు. మెడికల్ విద్యార్థులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు మించదు. ఉన్న జీతం వదులుకుని చదవాలనుకునేవారి లెక్కల్ని ఇది మొదలంటా మార్చేసింది. రెండో కారణం, పోస్ట్‌బాక్ అనే ఒకే పేరు కింద మూడు నాలుగు వేర్వేరు చదువులు చలామణీ అవుతుండటం.

పోస్ట్‌బాక్ అన్న పేరు కింద ఏమేం ఉన్నాయి

డిగ్రీ అయిపోయాక మళ్లీ డిగ్రీ స్థాయి కోర్సులే చదివితే దాన్ని పోస్ట్‌బాక్ అంటారు. ఇందులో మొదటి రకం కెరీర్ మార్చుకునేవారి కోసం. వీరు డిగ్రీలో సైన్సు చదవలేదు, లేదా చాలా కొద్దిగా చదివారు. రెండో రకం, సైన్సు చదివినా మార్కులు తగ్గినవారు రికార్డు మెరుగుపరుచుకోవడానికి. మూడోది స్పెషల్ మాస్టర్స్. మెడికల్ కాలేజీ మొదటి ఏడాది స్థాయి పాఠాలు చదివి సత్తా చూపించుకునే చదువు అది. దాని గ్రేడ్లు మాస్టర్స్ ఖాతాలోకే వెళ్తాయి, డిగ్రీ జీపీఏను (4కు కట్టే గ్రేడ్ల సగటును) పెంచవు.

కెరీర్ మార్పు రకంలో మళ్లీ రెండు దారులు. ఒకటి యూనివర్సిటీలు నడిపే పద్ధతైన ప్రోగ్రాము. కొలంబియా యూనివర్సిటీది 1955 నుంచి ఉంది. బ్రిన్ మార్, గౌచర్, స్క్రిప్స్ కాలేజీలు ఏడాదిలో ముగిసే ప్రోగ్రాములకు పేరు పొందాయి. హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్‌లో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదవొచ్చు. రెండో దారి ఎవరి ఏర్పాటు వారు చేసుకోవడం. దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీలో నాన్-డిగ్రీ విద్యార్థిగా చేరి ఒక్కో కోర్సే పూర్తి చేస్తారు. మెడికల్ కాలేజీలకు ఈ రెండు దారులూ సమ్మతమే. తేడాలు వేరే చోట ఉన్నాయి.

కెమిస్ట్రీ వరుసే కాలాన్ని నిర్ణయిస్తుంది

మెడికల్ కాలేజీలు సాధారణంగా అడిగేవి ఇవి: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఒక్కోటి ఏడాది పాటు ల్యాబ్‌తో సహా, బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్. కొన్ని స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ కూడా అడుగుతాయి. సైకాలజీ, సోషియాలజీ మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌కు పనికొస్తాయి.

చూడటానికి తొమ్మిది పది కోర్సులే. కష్టపడితే రెండు సెమిస్టర్లలో అయిపోవా అనిపిస్తుంది. కావు. జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం పాసైతేనే రెండో భాగం, అదయితేనే ఆర్గానిక్ ఒకటి, ఆ తర్వాత ఆర్గానిక్ రెండు, దాని తర్వాతే చాలా చోట్ల బయోకెమిస్ట్రీ. అంటే ఒకదాని వెనక ఒకటిగా ఐదు మెట్లు. బయాలజీని, ఫిజిక్స్‌ను వీటి పక్కన సర్దుకోవచ్చు గానీ ఈ ఐదింటినీ ఒకేసారి చదవడం కుదరదు. ఏడాది ప్రోగ్రాములు వేసవిలోనే జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలనూ ముగించి ఆగస్టు చివరికల్లా ఆర్గానిక్ మొదలుపెడతాయి. ఆ వేసవిలో ఒక్క వారం వెనకపడితే మామూలు సెమిస్టర్‌లో రెండు వారాలకు పైగా పాఠం పోయినట్టే.

తేదీలు పెట్టి చూస్తే ఇద్దరి ప్రయాణం ఇలా ఉంటుంది. ఒకరు ఉద్యోగం మానేసి 2026 జూన్‌లో ఏడాది ప్రోగ్రాములో చేరారు. 2027 మేలో కోర్సులు అయ్యాయి, ఆ వేసవి మొదట్లోనే ఎంక్యాట్ రాశారు, జూన్‌లో దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూలు 2028 వసంతం దాకా సాగుతాయి. చేరేది 2028 ఆగస్టులో. రెండోవారు ఉద్యోగం చేస్తూనే 2026 ఫాల్‌లో సాయంత్రం క్లాసుల్లో జనరల్ కెమిస్ట్రీ మొదలుపెట్టారు. ఆర్గానిక్ రెండో భాగం 2028 స్ప్రింగ్‌లో, బయోకెమిస్ట్రీ 2028 ఫాల్‌లో పూర్తయ్యాయి. 2029 మొదట్లో ఎంక్యాట్, జూన్‌లో దరఖాస్తు, 2030 ఆగస్టులో చేరిక. తర్వాత నాలుగేళ్ల ఎండీ (అక్కడ మొదటి డాక్టరు డిగ్రీ ఇదే), ఇంటర్నల్ మెడిసిన్ తీసుకుంటే మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ. మొదటివారు స్వతంత్రంగా ప్రాక్టీసు చేసేది 2035లో, రెండోవారు 2037లో. సర్జరీ వైపు వెళితే ఇంకా ఎక్కువ.

చాలా చిన్న కాలేజీల్లో జనరల్ కెమిస్ట్రీ మొదటి భాగం ఫాల్‌లో మాత్రమే ఉంటుంది. జనవరిలో మొదలుపెడదామని వెళ్లినవారికి ఆరు నెలలు ఖాళీగా పోయేది ఇక్కడే. నాన్-డిగ్రీ విద్యార్థులకు రిజిస్ట్రేషన్ చివర్లో తెరుస్తారు కాబట్టి ల్యాబ్ సీట్లు దొరక్కపోవడమూ మామూలే.

ప్రోగ్రాములో సీటుకు ఏం చూస్తారు

పేరున్న కెరీర్ మార్పు ప్రోగ్రాములు డిగ్రీ జీపీఏ 3.0 కనీసంగా అడుగుతాయి. గట్టి పోటీ ఉన్న చోట 3.5 పైనున్నవారే ఎక్కువగా కనిపిస్తారు. ట్రాన్‌స్క్రిప్టులు, రెండు మూడు సిఫారసు లేఖలు, వ్యాసాలు, ఇంటర్వ్యూ ఉంటాయి. కొన్ని చోట్ల పాత ఎస్ఏటీ లేదా జీఆర్ఈ స్కోరు కూడా అడుగుతారు. దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు పరిశీలించి సీట్లిచ్చే చోట్ల శరదృతువులో పెట్టినవారికీ మార్చిలో పెట్టినవారికీ అవకాశం ఒకేలా ఉండదు.

ఎక్కువమంది దెబ్బతినేది అర్హత నిబంధన దగ్గర. కెరీర్ మార్పు ప్రోగ్రాములు సైన్సు చదవనివారి కోసం పెట్టినవి. కాబట్టి అవసరమైన కోర్సుల్లో సగానికి పైగా చదివేసినవారిని, ఇప్పటికే ఎంక్యాట్ రాసినవారిని చాలా ప్రోగ్రాములు తీసుకోవు. ‘ముందు నాలుగైదు కోర్సులు కమ్యూనిటీ కాలేజీలో చదివి చూద్దాం, నచ్చితే మంచి ప్రోగ్రాముకు పెడదాం’ అనుకోవడం సహజం. ఆ నాలుగైదు కోర్సులతోనే అర్హత పోవచ్చు. బీఫార్మసీ, బయోటెక్నాలజీ చదివినవారికి ఈ చిక్కు మొదటి రోజు నుంచే ఉంటుంది. వారి సరైన చోటు సాధారణంగా రెండో రకం ప్రోగ్రాము, లేదా సొంత ఏర్పాటు.

వ్యాసంలో కమిటీ వెతికేది ఒక్క ప్రశ్నకు జవాబు: ఆ మనిషికి డాక్టరు పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి తెలుసా? చిన్నప్పటి కోరిక అనో, ఇంట్లో ఒకరి జబ్బు కదిలించిందనో రాస్తే చాలదు. నర్సు, ఫిజీషియన్ అసిస్టెంట్, ప్రజారోగ్య నిపుణులు కూడా జబ్బుపడినవారికి సాయం చేసేవారే కదా, డాక్టరే ఎందుకు అన్నదానికి చూసిన పనిలోంచి జవాబు రావాలి. అందుకే దరఖాస్తుకు ముందే ఆసుపత్రిలో వాలంటీరుగా నెలల తరబడి చేసిన పని, డాక్టర్ల వెంట ఉండి చూసిన గంటలు, కుదిరితే స్క్రైబ్‌గానో (డాక్టరు పక్కనుండి రోగి వివరాలు రాసేవారు) ఈఎంటీగానో (అంబులెన్సులో అత్యవసర సాయం చేసేవారు) అనుభవం ఉంటే మాటకు బరువొస్తుంది. పాత వృత్తిని దాచుకోవాల్సిన పని లేదు. డేటా మీద పనిచేసిన అనుభవం, జట్టును నడిపిన అనుభవం కమిటీలు ఇష్టంగా చదువుతాయి. ఉద్యోగం విసుగొచ్చి పారిపోతున్నట్టు మాత్రం వినిపించకూడదు.

లింకేజీ: ఏడాది మిగులుతుంది, ఎంపిక పోతుంది

పై ఉదాహరణలో మొదటివారికి 2027 మే నుంచి 2028 ఆగస్టు దాకా ఏడాదికి పైగా విరామం వచ్చింది. దీన్ని గ్లైడ్ ఇయర్ అంటారు. కొన్ని ప్రోగ్రాములకు కొన్ని మెడికల్ కాలేజీలతో లింకేజీ అనే ఒప్పందం ఉంటుంది. కోర్సులు ఇంకా సాగుతుండగానే ఆ ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టి, నిర్దేశించిన గ్రేడ్లు, చాలా చోట్ల ఎంక్యాట్ స్కోరు కూడా సాధిస్తే, గ్లైడ్ ఇయర్ లేకుండా 2027 ఆగస్టులోనే చేరవచ్చు.

ముప్పై అయిదేళ్ల వ్యక్తికి ఒక ఏడాది డాక్టరు జీతం అంటే చిన్న మాట కాదని లింకేజీని మెచ్చేవారు అంటారు. అది నిజమే. అయితే సీటు ఇస్తే చేరతానని ముందే మాటివ్వాలి. అంటే నాలుగు కాలేజీల స్కాలర్‌షిప్పుల్ని పోల్చి చూసుకునే వీలు పోతుంది. ఫెడరల్ రుణానికి పరిమితి వచ్చాక ఆ పోలిక విలువ పెరిగింది. పైగా ఆర్గానిక్ చదువుతూనే ఎంక్యాట్‌కు తయారవ్వాలి. లింకేజీ రాకపోతే మామూలు దరఖాస్తు దారి ఎలాగూ ఉంటుంది, కానీ తొందరలో రాసిన తక్కువ ఎంక్యాట్ స్కోరు రికార్డులో నిలిచిపోతుంది.

ప్రోగ్రాములు చెప్పే సీట్ల శాతం

‘మా విద్యార్థుల్లో 90 శాతానికి పైగా మెడికల్ కాలేజీల్లో చేరారు’ అని ప్రోగ్రాములు రాసుకుంటాయి. ఆ అంకె నిజమే కావచ్చు. అడగాల్సింది, ఎంతమందిలో 90 శాతం అని. ఉదాహరణకు 40 మంది చేరారనుకుందాం. ఆరుగురు మధ్యలో మానేశారు. నలుగురికి గ్రేడ్లు తగ్గినందుకు ప్రోగ్రాము కమిటీ లేఖ ఇవ్వలేదు. మిగిలిన 30 మంది దరఖాస్తు పెడితే 28 మందికి సీట్లొచ్చాయి. ప్రోగ్రాము చెప్పే అంకె 93 శాతం. చేరినవారి వైపు నుంచి చూస్తే 70 శాతం. రెండూ సరైన లెక్కలే, కానీ డబ్బు కట్టేవారికి కావాల్సింది రెండోది.

కమిటీ లేఖ అంటే ప్రోగ్రాము తరఫున విద్యార్థి గురించి రాసే సమగ్ర సిఫారసు. పద్ధతైన ప్రోగ్రాముల పెద్ద బలం ఇదే. సొంతంగా చదివినవారు ప్రొఫెసర్ల నుంచి విడివిడి లేఖలు పెట్టుకోవచ్చు, వాటినీ కాలేజీలు ఒప్పుకుంటాయి. మూడు వందల మంది ఉన్న క్లాసులో ప్రొఫెసరుకు పేరు కూడా తెలియని విద్యార్థికి ఆ లేఖ రాయించుకోవడమే కష్టం.

జీపీఏ లెక్క ఎలా కడతారు

ఎండీ కాలేజీల దరఖాస్తులు ఎక్కువగా ఏఎంక్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సేవ ద్వారా వెళ్తాయి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలకు టీఎండీశాస్, ఎండీకి బదులు డీఓ అనే డాక్టరు డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ కాలేజీలకు ఏఏకోమాస్ ఉన్నాయి. ఏఎంక్యాస్ రెండు జీపీఏలు కడుతుంది: అన్ని కోర్సులదీ ఒకటి, బయాలజీ కెమిస్ట్రీ ఫిజిక్స్ గణితాలది ఇంకొకటి. మళ్లీ చదివి మార్కు పెంచుకున్నా పాత మార్కు చెరిగిపోదు, రెండూ లెక్కలోకి వస్తాయి. ఏఏకోమాస్‌లో ఒకప్పుడు ఉన్న పాత మార్కు తీసేసే వెసులుబాటును కూడా 2017లో ఎత్తేశారు.

అమెరికాలోనే డిగ్రీ చదివినవారి లెక్క చూద్దాం. ఎకనామిక్స్‌లో 120 క్రెడిట్లు, జీపీఏ 3.3. అందులో గణితం, స్టాటిస్టిక్స్ 8 క్రెడిట్లు, సగటు 3.0. పోస్ట్‌బాక్‌లో 36 క్రెడిట్లు, అన్నీ సైన్సే, సగటు 3.9. మొత్తం జీపీఏ: 120ని 3.3తో గుణిస్తే 396, 36ని 3.9తో గుణిస్తే 140.4. రెండూ కలిపి 156తో భాగిస్తే 3.44. ఏడాది అంతా దాదాపు ‘ఏ’ గ్రేడ్లే తెచ్చుకున్నా పెరిగింది 0.14 మాత్రమే. సైన్సు జీపీఏ అలా కాదు. 24కు 140.4 కలిపి 44తో భాగిస్తే 3.74. కమిటీల కన్ను పడేది ఈ రెండో అంకె మీద, పెరుగుతూ వచ్చిన తీరు మీద. 2023లో ఎండీ కాలేజీల్లో చేరినవారి సగటు జీపీఏ 3.77, సగటు ఎంక్యాట్ 511.7. ఆ ఏడాది దరఖాస్తు పెట్టినవారు 52 వేలకు పైగా, చేరినవారు సుమారు 23 వేలు.

ఇండియా డిగ్రీతో వచ్చినవారి పరిస్థితి

మనవాళ్లలో ఎక్కువమందికి వర్తించేది, సాధారణ సలహాల్లో అతి తక్కువగా కనిపించేది ఈ భాగమే. జేఎన్‌టీయూలోనో ఉస్మానియాలోనో బీటెక్ చదివి, అమెరికాలో ఎంఎస్ చేసి, ఉద్యోగంలో ఉన్నవారిని తీసుకుందాం. విదేశీ కోర్సుల్ని ఏఎంక్యాస్ జీపీఏలో కలపదు. అంటే బీటెక్‌లో 85 శాతం వచ్చినా 60 శాతం వచ్చినా ఆ అంకెలో తేడా ఉండదు. ఎంఎస్‌లో తెచ్చుకున్న 4.0 మాస్టర్స్ గడిలోకి పోతుంది. డిగ్రీ జీపీఏ అనే గడి ఖాళీగా ఉంటుంది, దాన్ని నింపేవి పోస్ట్‌బాక్ కోర్సులు మాత్రమే. 36 క్రెడిట్ల చదువులో నాలుగు క్రెడిట్ల ఒక కోర్సులో ‘సి’ వస్తే, మిగతావన్నీ ‘ఏ’ అయినా సగటు 3.78కి దిగుతుంది. 120 క్రెడిట్ల రికార్డు ఉన్నవారికి అదే సి దాదాపు కనిపించదు.

అంతకన్నా ముందు ఇంకో ప్రశ్న. చాలా మెడికల్ కాలేజీలు అమెరికా లేదా కెనడా కాలేజీ నుంచే బ్యాచిలర్ డిగ్రీ కావాలంటాయి. కొన్ని అక్కడ చదివిన 60 లేదా 90 క్రెడిట్లు ఉంటే చాలంటాయి. 36 క్రెడిట్ల పోస్ట్‌బాక్ పూర్తి చేసినవారికి 90 అడిగే కాలేజీ దగ్గర ఇంకా 54 తక్కువ. ఎంఎస్ క్రెడిట్లను కొన్ని కాలేజీలు లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఇది ఆయా కాలేజీల అడ్మిషన్ల ఆఫీసు రాతపూర్వకంగా చెప్తేనే తేలుతుంది. కొందరికి పేరున్న ప్రోగ్రాము సర్టిఫికెట్ కన్నా, స్టేట్ యూనివర్సిటీలో రెండో బ్యాచిలర్ డిగ్రీగా నమోదై ఈ కోర్సులే చదవడం మేలవుతుంది. పేరు చిన్నదైనా తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి.

మూడోది వీసా. హెచ్-1బీలో ఉద్యోగం కొనసాగిస్తూ పార్ట్ టైమ్ చదవొచ్చు. హెచ్-4లో కూడా చదవొచ్చు, కానీ పని అనుమతి పత్రం లేకుండా స్క్రైబ్ లాంటి జీతం పని చేయకూడదు. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలంటే ప్రోగ్రాము దానికి కావాల్సిన ఐ-20 పత్రం ఇవ్వగలగాలి, పూర్తికాలం చదవాలి. పోస్ట్‌బాక్ ప్రోగ్రాములన్నీ ఐ-20 ఇవ్వవు. పోస్ట్‌బాక్ చదవడం వరకు ఏదో ఒక దారి దొరికినా, అసలు అడ్డంకి ఆ తర్వాత ఉంది. గ్రీన్‌కార్డు గానీ పౌరసత్వం గానీ లేనివారిని చాలా ఎండీ కాలేజీలు తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని ఒక ఏడాది నుంచి నాలుగేళ్ల ఫీజు వరకు ముందే ఎస్క్రో ఖాతాలో (మూడో పక్షం దగ్గర ఉంచే ఖాతా) చూపించమంటాయి. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం గ్రీన్‌కార్డుతో సమానం కాదు. ఇండియాలో పుట్టినవారి ఉద్యోగ గ్రీన్‌కార్డు వరుస ఏళ్లకేళ్లు సాగుతోంది కాబట్టి, పోస్ట్‌బాక్ ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకు జవాబు చాలామందికి కాలేజీ క్యాలెండర్‌లో కాక ప్రయారిటీ డేట్‌లో, అంటే ఆ వరుసలో తమ స్థానాన్ని చెప్పే తేదీలో ఉంటుంది. సైన్సు కోర్సులకు ఐదు నుంచి పదేళ్ల కాలపరిమితి పెట్టే కాలేజీలున్నాయి. ఎంక్యాట్ స్కోరును రెండు మూడేళ్లకు మించి ఒప్పుకోరు. చాలా ముందే చదివేస్తే అవి పాతబడిపోవచ్చు.

టెక్సాస్‌లో స్థిరపడినవారికి కలిసొచ్చే అంశం ఒకటుంది. అక్కడి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు కనీసం 90 శాతం సీట్లు ఆ రాష్ట్ర నివాసులకే ఇస్తాయి.

ఖర్చు, ఎవరికి ఏ దారి

పద్ధతైన ప్రోగ్రాముల ఫీజు సాధారణంగా 30 వేల నుంచి 60 వేల డాలర్ల మధ్య ఉంటుంది. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో అవే కోర్సులు అందులో సగానికో మూడో వంతుకో అయిపోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో ఇంకా చవక, కానీ అన్ని సైన్సు కోర్సులూ అక్కడే చదివిన దరఖాస్తును కొన్ని మెడికల్ కాలేజీలు బలహీనంగా చూస్తాయి. జనరల్ కెమిస్ట్రీ అక్కడ, ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ నాలుగేళ్ల యూనివర్సిటీలో అన్నది చాలామంది ఎంచుకునే మధ్యేమార్గం. ఆన్‌లైన్ ల్యాబ్‌ల విషయంలో కాలేజీకో నియమం ఉంది.

ఫీజు కన్నా పెద్ద ఖర్చు పోయే జీతం. ఏడాదికి 1,20,000 డాలర్లు సంపాదించేవారు 45 వేల ఫీజుతో ఏడాది ప్రోగ్రాములో చేరి, గ్లైడ్ ఇయర్‌లో తిరిగి అదే ఉద్యోగం చేస్తే, మెడికల్ కాలేజీ గేటు దాకా అయ్యే ఖర్చు 1,65,000. సాయంత్రం క్లాసుల దారిలో 15 వేల ఫీజే, జీతం పోదు. కానీ రెండేళ్లు ఆలస్యం, అంటే చివర్లో రెండేళ్ల డాక్టరు జీతం తక్కువ. కాగితం మీద ఈ రెండూ దగ్గర దగ్గరగానే తేలవచ్చు. చేతిలో పొదుపు ఎంతుంది, పిల్లలు ఏ వయసులో ఉన్నారు, పగలంతా పని చేసి రాత్రి ఆర్గానిక్ చదివి ‘ఏ’ గ్రేడు తెచ్చుకోగలరా అన్నవే అసలు తేడా తెస్తాయి. ఉద్యోగంతో పాటు చదివి బి ప్లస్‌లు తెచ్చుకున్నవారికి పొదుపు చేసిన డబ్బు ‘ఏ’ గ్రేడును కొనిపెట్టదు.

పోస్ట్‌బాక్‌కు ఫెడరల్ రుణం ఉంది గానీ పరిమితం. గ్రాడ్యుయేట్ చదువుకు ముందు అవసరమైన కోర్సుల కింద వరుసగా 12 నెలల వరకే ఇస్తారు. 24 ఏళ్లు దాటినవారికి గరిష్ఠంగా 12,500 డాలర్లు. పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి అర్హత ఉన్నవారికి మాత్రమే. చాలా ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో నాలుగేళ్ల మొత్తం ఖర్చు మూడున్నర లక్షల డాలర్లు దాటుతుండగా ఫెడరల్ రుణం 2 లక్షల దగ్గర ఆగుతుంది. మిగిలిన లక్షన్నరకు పైగా సొంత పొదుపు నుంచో, స్కాలర్‌షిప్ నుంచో, ఎక్కువ వడ్డీ ప్రైవేటు అప్పు నుంచో రావాలి. పోస్ట్‌బాక్ మీద ఖర్చయ్యే ప్రతి డాలరూ ఆ పొదుపులోంచే తగ్గుతుంది కాబట్టి, 2026 తర్వాత చేరేవారికి సొంత రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ దారి ఇంతకుముందుకన్నా బలంగా కనిపిస్తోంది. కమిటీ లేఖ, లింకేజీ, ఒకే లక్ష్యమున్న తోటి విద్యార్థులు కావాలనుకునేవారికి పద్ధతైన ప్రోగ్రాము ఇప్పటికీ ఆ డబ్బుకు తగినదే, అక్కడి గ్రేడ్లతో మెడికల్ కాలేజీ స్కాలర్‌షిప్పుకు పోటీపడగలిగితే.